గులాబి–తోలు పరిమళం: సామ్రాజ్యాల పేర్లు, రేవుల చరిత్ర

గులాబి రేకుల తీపినీ, పదును చేసిన తోలు కమురునీ ఒకే సీసాలో కలిపి కూర్చే సుగంధాలను గులాబి–తోలు పరిమళాలు అంటారు. పువ్వు పక్కనే చర్మం, మెత్తదనం పక్కనే కరుకుదనం ఉండటం ఈ కోవ ప్రత్యేకత. ఇలాంటి సెంట్లకు చక్రవర్తుల పేర్లు, రాణుల పేర్లు, అంతరించిన రాజ్యాల పేర్లు పెట్టడం ఐరోపా తయారీదారులకు వందేళ్లు పైబడిన అలవాటు. పారిస్‌కు చెందిన పర్ఫ్యూమ్ దాంపీర్ అనే సంస్థ ఏకంగా తన పేరులోనే సామ్రాజ్యాన్ని పెట్టుకుంది. నెపోలియన్ భార్య జోసెఫీన్ పెంచిన గులాబీలను తలచుకుని ఒక సెంటు, ఒట్టోమన్ తురుష్కుల తోలు పేరుతో మరొక సెంటు అమ్మకానికి తెచ్చింది.

సీసా మీద రాజుల పేరున్నా, ఈ పరిమళాల చరిత్ర ఎక్కువగా దొరికేది అత్తరు బట్టీల దగ్గర, తోళ్లు నానే గుంతల దగ్గర, ఓడ రేవుల్లో. అందులో తెలుగునేల వాటా చిన్నది కాదు. కొండవీడు, రాజమహేంద్రవరం, విజయనగరం, గోల్కొండ పాలకుల కాలంలో సుగంధ ద్రవ్యాలు రాజభోగంలో భాగంగా ఉండేవి. వసిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురం, గోల్కొండ సుల్తానుల రోజుల్లో ఓడలు కట్టే రేవుగా దేశదేశాల వర్తకులకు తెలుసు. గులాబి, తోలు, సామ్రాజ్యం అన్న మూడు మాటలను ఈ ఊరి మీదుగా చెప్పుకుంటే వాటిని మోసిన మనుషులు కూడా కనిపిస్తారు.

వాసనలో ఉన్న సరుకు

గులాబి నూనెలో వందలాది పదార్థాలున్నాయి. అప్పుడే విచ్చిన పువ్వు వాసనకు సిట్రొనెలోల్, జెరానియోల్, నెరోల్ ప్రధాన కారణాలు. ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ అనే మరో పదార్థం నీటిలో బాగా కరుగుతుంది. అందుకే బట్టీ పట్టినప్పుడు అది చాలావరకు నూనెలోకి రాక నీటిలోనే ఉండిపోతుంది. పెళ్లిళ్లలో చల్లే పన్నీటి వాసనలో పెద్ద వాటా దానిదే. 1970లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు బల్గేరియా గులాబి నూనెలో బీటా డమసెనోన్ అనే పదార్థాన్ని గుర్తించారు. నూనెలో నూటికి ఒక వంతు కూడా ఉండదు కానీ, గులాబిని గులాబిగా గుర్తుపట్టించడంలో దాని పాత్ర చాలా ఎక్కువ.

ఒక కిలో గులాబి నూనె దిగాలంటే సుమారు 3,500 నుంచి 4,000 కిలోల పూలు కావాలి. ఎండ ఎక్కితే రేకుల్లోని నూనె ఆవిరవుతుంది కాబట్టి తెల్లవారుజామునే కోసి, ఆ పూటే బట్టీకి ఎక్కించాలి.

తోలు వాసన సంగతి వేరు. తోలు నుంచి నూనె తీసే పద్ధతి ఏదీ వాడుకలో లేదు. సెంట్లలో మనకు తోలులా తోచేది వేరే సరుకులతో కట్టిన వాసన. బిర్చ్ చెట్టు పట్టను గాలి తగలకుండా కాల్చి తీసిన తారు పొగ వాసననిస్తుంది. మధ్యధరా తీరపు పొదల నుంచి వచ్చే లాబ్డనం జిగురు బరువైన తీపినిస్తుంది. బీవర్ అనే జంతువు గ్రంథుల నుంచి తీసే కాస్టోరియం చర్మపు వాసనకు దగ్గరగా ఉంటుంది. 1880లో ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త స్క్రౌప్ క్వినొలిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసే మార్గం కనిపెట్టాడు. తర్వాత ఆ కుటుంబానికి చెందిన ఐసోబ్యూటైల్ క్వినొలిన్ తోలు సెంట్లకు వెన్నెముక అయింది. కాస్త చేదు, కాస్త పచ్చిదనం కలిసిన దాని ఘాటు ఒక్క చుక్కలోనే తెలిసిపోతుంది.

ఇంత దూరపు వాసనలు రెండూ ఎలా కలుస్తాయన్న ప్రశ్నకు రసాయన శాస్త్రం మంచి సమాధానం చెబుతుంది. లవంగానికి ఘాటునిచ్చే యూజినాల్ గులాబి నూనెలో కూడా కొద్దిగా ఉంటుంది. బిర్చ్ తారులో ఉండే గ్వయకాల్ ఈ యూజినాల్‌కు దగ్గరి చుట్టం. రెంటి అణువులకూ మూల నిర్మాణం ఒకటే. ఇక కుంకుమపువ్వులోని సాఫ్రనాల్‌కు పువ్వు గుణం, తోలు గుణం రెండూ ఉన్నాయి. అందుకే గులాబి, కుంకుమపువ్వు, తోలు వరుసలో పేర్చిన సెంట్లు ఎక్కడా తెగినట్టు అనిపించవు.

కర్పూర వసంతరాయల నుంచి గోల్కొండ దాకా

దక్కనులో రాజభోగాల గురించి రాసిన గ్రంథాల్లో మానసోల్లాసం ముఖ్యమైనది. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో దీన్ని సంస్కృతంలో రాశాడు. స్నానం, లేపనం, ధూపం, తాంబూలం అన్నిటికీ అందులో విడివిడిగా విధులున్నాయి. చందనం, అగరు, కర్పూరం, కస్తూరి, కుంకుమపువ్వు అప్పటి ప్రధాన ద్రవ్యాలు. పువ్వుల్లో మల్లె, మొగలి, సంపెంగలది పెద్ద పీట. బట్టీ పట్టిన గులాబి ఆ వరుసలోకి పారశీక, తురుష్క రాజ్యాలతో సంబంధాలు పెరిగాక వచ్చి చేరింది.

సుగంధం పేరునే బిరుదుగా ధరించిన రాజు తెలుగువాళ్లకు ఉన్నాడు. కొండవీటి కుమారగిరి రెడ్డి (పాలన 1386–1402) ఏటా వసంతోత్సవాలు చేయించి కర్పూరం, కస్తూరి వంటి ద్రవ్యాలను వెదజల్లించినందుకు కర్పూర వసంతరాయలుగా పేరుపడ్డాడు. ఆ ఉత్సవాలకు సరుకు సమకూర్చిన వర్తక కుటుంబానికి చెందినవాడు అవచి తిప్పయ సెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అతనికే అంకితమిచ్చాడు. ఆ కావ్యంలో తిప్పయ సెట్టి ఏ దేశం నుంచి ఏ సరుకు తెప్పించేవాడో ఒక జాబితా ఉంది. పంజార అనే చోటి నుంచి కర్పూరపు చెట్లు, గోవా నుంచి సంకుమదం అనే సుగంధ ద్రవం, భోట దేశం నుంచి కస్తూరి, హురుమంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టు. హిమాలయాల అవతలి కస్తూరికీ, పర్షియా సింధుశాఖలోని హొర్ముజ్ గుర్రాలకూ ఒకే వర్తకుడి దగ్గర లెక్క ఉందంటే తెలుగు తీరం ఎంత దూరం చేయి చాచిందో తెలుస్తుంది.

కుమారగిరి బావమరిది, సేనాని కాటయవేముడికి రాజమహేంద్రవరం దక్కింది. అక్కడ సాగిన రెడ్డి రాజ్యం 15వ శతాబ్ది మధ్య వరకు గోదావరి డెల్టాను ఏలింది. శ్రీనాథుడు కాశీఖండాన్ని ఆ వంశపు వీరభద్రారెడ్డికే అంకితమిచ్చాడు. కొండవీటి వసంతోత్సవాల రుచి గోదావరి ఒడ్డుకు కొత్త కాదన్నమాట.

విజయనగరానికి వచ్చేసరికి గులాబి బజారుకెక్కింది. 1443లో రెండవ దేవరాయల కొలువుకు వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ అక్కడ గులాబీల అమ్మకం చూసి ఆశ్చర్యపోయాడు. ఆ ఊరివాళ్లకు గులాబి అన్నంతో సమానమైన అవసరమన్న అర్థంలో రాసుకున్నాడు. గులాబీ తోటలకు పేరుపడ్డ పర్షియా నుంచి వచ్చినవాడు ఆ మాట అన్నాడంటే దాని విలువ వేరు.

జంతువుల నుంచి వచ్చే సుగంధాలు మనకు పరాయివి కావు. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత శ్రీవారి మూలమూర్తికి పునుగు తైలం పూయడం నేటికీ సాగుతున్న ఆచారం. ఐరోపా తోలు సెంట్లలో వాడిన సివెట్ ఈ పునుగు జాతి సరుకే. నేరుగా పీలిస్తే ముక్కు మూసుకునేంత ఘాటు, పలుచన చేసి పువ్వుతో కలిపితే చర్మపు వెచ్చదనం. ఈ గుణాన్ని కనిపెట్టి వాడుకోవడంలో తిరుమల పరిచారకులకూ పారిస్ పరిమళకారులకూ దారి ఒకటే.

ఒకే ఏడాది మూడు చోట్ల

గులాబి–తోలు పరిమళ చరిత్రలో 1614 చెప్పుకోదగ్గ సంవత్సరం.

ఆ ఏడాది మొగలు చక్రవర్తి జహంగీరు తన స్వీయచరిత్రలో గులాబి అత్తరు గురించి రాశాడు. నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం పన్నీరు తీయిస్తుండగా, కూజాల నుంచి వెడల్పాటి పళ్లేల్లోకి ఒంపిన వేడి పన్నీటి మీద నురగలాంటి పలుచని తెట్టు కట్టింది. ఆమె దాన్ని కొద్దికొద్దిగా తీసి కూడబెట్టింది. అరచేతికి ఒక్క చుక్క రాస్తే సభంతా ఎర్రగులాబి మొగ్గలు ఒక్కసారిగా విచ్చినట్టు ఉంటుందని చక్రవర్తి పొంగిపోయాడు. ఆమెకు ముత్యాల హారం బహూకరించాడు. మొగలు అంతఃపురానికి చెందిన సలీమా సుల్తాన్ బేగం ఆ అత్తరుకు ఇత్ర్–ఎ–జహంగీరీ అని పేరు పెట్టింది. చక్రవర్తి పేరుతో చలామణి అయిన ఆ సుగంధం ఒక స్త్రీ బట్టీ దగ్గర ఓపికగా చేసిన పనికి ఫలితం.

అదే ఏడాది జనవరిలో పారిస్‌లో 13వ లూయీ రాజు చేతితొడుగుల తయారీదారులకు పరిమళకారులమని కూడా చెప్పుకునే హక్కు ఇచ్చాడు. చేతితొడుగులవాళ్లకు సుగంధంతో పనేమిటంటే, పదును చేసిన తోలుకు అప్పట్లో భరించరాని కంపు ఉండేది. దాన్ని పోగొట్టడానికి గులాబి, నారింజ పూలు, మల్లె వంటి వాటి సారంలో తోళ్లను నానబెట్టేవారు. దక్షిణ ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణం మొదట తోళ్లకే ప్రసిద్ధం. తోలు మీద పన్నులు, పోటీ పెరిగాక పూల వైపు తిరిగి, సెంట్ల రాజధాని అయింది. స్పెయిన్ పద్ధతిలో చేసే సుగంధపు తోలుకు ఇంకా పెద్ద పేరు. మెత్తని తోలును గులాబి, చందనం, లవంగం, దాల్చినచెక్క నూనెల్లో నానబెట్టి, చివర కస్తూరి, పునుగు పూసేవారు. తొడుక్కునే వస్తువే సెంటు సీసా పని చేసేది.

ఆ 1614లోనే గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ నరసాపురం రేవులో మరమ్మతులో ఉంది. 1611లో లండన్ నుంచి బయలుదేరి మచిలీపట్నం, పటానీ, సయాం తిరిగి వచ్చిన ఓడ అది. దాని వర్తకుల్లో ఒకడైన పీటర్ ఫ్లోరిస్ అనే డచ్చి దేశస్థుడు ఇంగ్లీషు కంపెనీ కొలువులో ఉండి దినచర్య రాశాడు. ఆ ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద గురించి అందులో ఉంది. 29 ఏళ్లలో అంతటి నీరు రాలేదని, ఉప్పు కుప్పలు, ఊళ్లు, వరి కొట్టుకుపోయాయని, వేలాది మనుషులూ పశువులూ మునిగిపోయారని రాశాడు. ఓడ ఆ ఏడాది చివర స్వదేశానికి తెరచాప ఎత్తింది.

మొగలు అంతఃపురంలో గులాబి నూనె, పారిస్‌లో సుగంధపు తోలు, గోదావరి మొగలో ఆ రెండు లోకాలనూ కలిపే ఓడ. మూడూ ఒక్క ఏడాది ముచ్చట్లే.

నరసాపురం రేవు

గ్లోబ్ ఇక్కడికి రావడం యాదృచ్ఛికం కాదు. మచిలీపట్నం గోల్కొండకు పెద్ద రేవైనా, ఓడలు కట్టడానికీ బాగుచేయడానికీ నరసాపురమే అనువైన చోటు. గోదావరి మీద తెప్పలుగా దిగివచ్చే కలప, ఇనుప పని తెలిసిన కమ్మరులు, ఓడల వడ్రంగులు ఇక్కడ దొరికేవారు. 1670ల ప్రాంతంలో ఈ తీరమంతా తిరిగిన ఇంగ్లీషు నావికుడు థామస్ బౌరీ ఈ చుట్టుపక్కల ఓడల పనిని మెచ్చుకున్నాడు. పక్కనే ఉన్న మాధవాయిపాలెంలో ఇంగ్లీషువాళ్లు వర్తక స్థావరం పెట్టారు. అక్కడి మెత్తని నూలు బట్ట ఆ ఊరి పేరుతోనే మదపోలం అని ఐరోపా బజార్లలో అమ్ముడైంది. డచ్చివాళ్లకు నరసాపురంలోనూ పాలకొల్లులోనూ స్థావరాలుండేవి. 1824 ఒప్పందం తర్వాత అవి ఇంగ్లీషువాళ్లకు దఖలు పడ్డాయి.

ఈ తీరం నుంచి బట్టలు ఎగుమతి అయ్యేవి. తూర్పు దీవుల నుంచి లవంగం, జాజికాయ, చందనం, కర్పూరం దిగేవి. పర్షియా రేవుల నుంచి దక్కనుకు వచ్చే సరుకుల్లో షిరాజ్ ప్రాంతపు పన్నీరు ఉండేది. గోల్కొండ సుల్తానుల కొలువులో అగరుపొగ వేసినా, పొరుగున బీజాపూరులో రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా కోసం ఇత్ర్–ఎ–నౌరస్‌షాహీ అనే సుగంధ గ్రంథం రాసినా, వాటి వెనక ఇలాంటి రేవుల సరుకు ఉంది.

నరసాపురం పేరు తర్వాతి కాలంలో లేసు అల్లికలతో మళ్లీ దేశాలు దాటింది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ పని డెల్టా గ్రామాల్లో ఇంటింటి స్త్రీల చేతికి చేరింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువరించిన పుస్తకంలో ఒక విషయాన్ని గట్టిగా చెప్పారు. ప్రపంచ మార్కెట్‌కు సరుకు అందించే ఈ స్త్రీలను ఖాళీ సమయంలో ఏదో అల్లుకునే గృహిణులుగానే లెక్కించడం వల్ల వాళ్ల శ్రమకు విలువ రాలేదన్నది ఆమె నిర్ధారణ. అత్తరు చరిత్రకూ ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. సరుకు పేరు ఊళ్లు దాటుతుంది, చేసినవాళ్ల పేరు గుమ్మం దాటదు.

తోలు కుప్పెలో అత్తరు

గులాబి, తోలు మన దేశంలో నిజంగానే ఒకదాన్నొకటి తాకే చోటు ఒకటుంది. అది ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్. అక్కడి బట్టీలో డేగ్ అనే రాగి గుండిగలో పూలూ నీళ్లూ పోసి, మూతను మట్టితో మెత్తి, కింద కట్టెలమంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీళ్ల తొట్టిలో ఉంచిన మరో రాగి పాత్రలోకి పోతుంది. దాన్ని భప్కా అంటారు. అందులో ముందే పోసి ఉంచిన చందనం నూనె పూల వాసనను పట్టుకుంటుంది. మంట ఎంత ఉండాలో, పాత్ర ఎప్పుడు మార్చాలో పనివాడు గుండిగ మీద చేయి వేసి, చప్పుడు విని తేల్చుకుంటాడు. మర్నాడు అదే నూనె మీదికి కొత్త పూల ఆవిరి. ఇలా రోజుల తరబడి సాగితేగాని మంచి గులాబి అత్తరు తయారు కాదు.

బట్టీ దిగిన అత్తరులో కొంత తేమ మిగిలి ఉంటుంది. దాన్ని పోగొట్టడానికి ఒంటె తోలుతో చేసిన కుప్పెల్లో పోసి ఉంచుతారు. తేమ తోలు రంధ్రాల గుండా మెల్లగా బయటికి పోతుంది, నూనె లోపలే నిలుస్తుంది. మన పల్లెల్లో ఒకప్పుడు నూనెకూ నెయ్యికీ వాడిన తోలు సిద్దెలు ఈ జాతివే. కుప్పెలో ముదిరిన గులాబి అత్తరుకు పూల తీపి కింద సన్నని తోలు జీర ఒకటి అంటుకుంటుంది. పారిస్ సీసాల్లో రసాయనాలతో కట్టే జత ఇక్కడ కుప్పె గోడ మీద తనంతట తానే కుదురుతుంది.

లంద దగ్గరి శ్రమ

తోలు సెంటు గురించి రాసేటప్పుడు తోలు చేసినవాళ్లను వదిలేయడం అన్యాయం. తెలుగు పల్లెల్లో ఆ పని మాదిగలది. చచ్చిన గొడ్డు తోలును ఒలిచి, సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు గీకి, లంద అనే తొట్టిలో తంగేడు చెక్క, కరక్కాయల కషాయం పోసి రోజుల తరబడి ఊరబెట్టేవారు. తర్వాత ఆరె, రంపె అనే పనిముట్లతో కోసి చెప్పులు, మోటబావికి తోలు బొక్కెనలు, కాడికి పట్టెడలు, డప్పులు తయారుచేసేవారు. సేద్యం ఆ తోలు మీద నడిచింది. లంద వాసన మాత్రం వాళ్లను ఊరి చివరికి నెట్టడానికి సాకు అయింది.

తంగేడు పట్టతో పదును చేసిన తోళ్లు బ్రిటిషు కాలంలో మద్రాసు రేవు నుంచి పెద్ద ఎత్తున ఇంగ్లండుకు వెళ్లాయి. అక్కడి బజారులో వాటిని ఈస్టిండియా తోళ్లనేవారు. తంగేడు పట్ట వల్ల తోలు మెత్తగా, లేత రంగులో వచ్చేది. ఇంగ్లండులో దానికి మెరుగులు దిద్ది చేతితొడుగులు, పుస్తకాల అట్టలు, బూట్లు చేసుకునేవారు. దొరగారి గ్రంథాలయంలో గొప్పగా చెప్పుకునే తోలు వాసనలో రాయలసీమ, తెలంగాణ మెట్టల తంగేడు కూడా ఉండి ఉండవచ్చు. మనం బతుకమ్మలో పేర్చే పచ్చని పూలు ఆ పొదవే. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ నెలకొంది. లందల్లో తరతరాలుగా నిలిచిన విద్య మీద అక్కడ ప్రయోగశాలల్లో పరిశోధన మొదలైంది.

రష్యా తోలు, పారిస్ సీసాలు

తోలు సెంట్లలో రష్యా తోలు పేరు ఎక్కువగా వినిపిస్తుంది. రష్యాలో తోళ్లను విల్లో పట్టతో పదును చేసి, బిర్చ్ తారు నూనె పట్టించేవారు. తేమకూ పురుగుకూ తట్టుకునే ఆ తోలు ఐరోపా అంతా అమ్ముడయ్యేది. 1786 డిసెంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి జెనోవాకు ఇలాంటి తోళ్లతో వెళుతున్న మెట్టా కాతరీనా అనే ఓడ ఇంగ్లండులోని ప్లిమత్ రేవులో మునిగింది. 1973లో ఈతగాళ్లు దాన్ని కనుగొని తోళ్ల కట్టలు పైకి తీశారు. దాదాపు రెండు శతాబ్దాలు నల్లని బురదలో పడున్నా ఆ తోళ్లు పనికొచ్చే స్థితిలోనే ఉన్నాయి. బిర్చ్ తారు వాసన వాటిని వదల్లేదు.

సామ్రాజ్యం పేరుతో సెంటు అమ్మే పద్ధతి అదే రష్యాలో బాగా కనిపిస్తుంది. మాస్కోలోని రల్లే సంస్థ జారు కొలువుకు సుగంధాలు అందించేది. బొరోదినో యుద్ధానికి వందేళ్లయిన 1912లో ఆ సంస్థ నెపోలియన్ పేరుతో ఒక సెంటు తెచ్చింది. రొమనోవ్ వంశానికి మూడు వందల ఏళ్లు నిండిన 1913లో కాథరిన్ రాణి పేరుతో మరొకటి తెచ్చింది. వాటిని కూర్చిన ఎర్నెస్ట్ బో విప్లవం తర్వాత ఫ్రాన్సు చేరాడు. 1921లో షనెల్ నంబర్ 5 అతని చేతి నుంచే వచ్చింది. తర్వాత ఆ దశాబ్దంలోనే షనెల్ కోసం రష్యా తోలు పేరుతో అతను చేసిన సెంటులో బిర్చ్ తారు పొగ మీద గులాబి, మల్లె పరుచుకుని ఉంటాయి. కూలిపోయిన సామ్రాజ్యం అతని చేతిలో సీసాకు ఎక్కింది.

తర్వాతివాళ్లు ఈ జతను రకరకాలుగా మలిచారు. 1944లో జెర్మేన్ సెలియే కూర్చిన బాందీ క్వినొలిన్ చేదును దాచకుండా ముందుకు తెచ్చింది. 2019లో ఫ్రెడరిక్ మాల్ సంస్థ కోసం జాన్–క్లోద్ ఎలెనా చేసిన సెంటు పేరే గులాబీ, తోలూ. ఎన్నో పదార్థాలు గుప్పించకుండా కొద్దిపాటి సరుకుతోనే రెండు వాసనలనూ ఎదురెదురుగా నిలబెట్టిన కూర్పు అది.

అత్తరు–పాన్ నుంచి పన్నీటి బుడ్డి దాకా

మొగలులు నడిపిన సుగంధ మర్యాదను బ్రిటిషువాళ్లు కూడా వదులుకోలేదు. సంస్థానాధీశుల దర్బారు ముగింపున అత్తరు, పాన్ ఇవ్వడం లాంఛనం. ఎవరికి రెసిడెంటు స్వయంగా ఇవ్వాలి, ఎవరికి కింది అధికారి ఇవ్వాలి అన్నది హోదాను బట్టి ఖరారు చేసేవారు. ఒక్క చుక్క అత్తరు రాజకీయ మర్యాదకు కొలమానమైంది.

హైదరాబాదులో చార్మినారు చుట్టుపక్కల, పత్తర్‌గట్టీలో అత్తరు దుకాణాలు నేటికీ కిటకిటలాడతాయి, రంజాను నెలలో మరీ. దుకాణదారు చెక్కుడు గాజుసీసా బిరడా తీసి, గాజు పుల్లతో మణికట్టు వెనక చిన్న గీత గీస్తాడు. రుద్దవద్దంటాడు. నిమిషం ఆగి వాసన చూస్తే గులాబి ముందుకొస్తుంది. అరగంట తర్వాత చందనం, ఊద్ (అగరు) తేలతాయి. కొలత తులాల్లో. కొందరు పెద్దవాళ్లు అత్తరు ముంచిన దూది ముక్కను చెవి మడతలో పెట్టుకుంటారు.

గోదావరి జిల్లాల పెళ్లిళ్లలో ఆ మర్యాద ఇంటి రూపం దాల్చింది. గుమ్మంలో పళ్లెంలో గంధం గిన్నె, పటికబెల్లం, పక్కన సన్నటి మెడ ఉన్న వెండి పన్నీటి బుడ్డి. వచ్చినవారికి మెడ దగ్గర గంధం రాసి, బుడ్డిని రెండుసార్లు విదిలిస్తారు. ఇందులో తోలు ఉండదు, గులాబీ చందనమూ మాత్రమే ఉంటాయి.

ఇప్పటి పరిస్థితి

చందనం నూనె ధర పెరిగాక చాలా అత్తర్లకు ఆధారంగా ద్రవ పారఫిన్ వాడుతున్నారు. కస్తూరి మృగానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణనిస్తోంది. అసలు కస్తూరి వ్యాపారం చట్టవిరుద్ధం. శుద్ధి చేయని బిర్చ్ తారు వాడవద్దని అంతర్జాతీయ సుగంధ పరిశ్రమ నియమాలు చెబుతున్నాయి. కాస్టోరియం, పునుగు స్థానంలో ప్రయోగశాల పదార్థాలు వచ్చాయి. కాబట్టి ఈనాటి గులాబి–తోలు సెంటులో జంతువు పేరే మిగిలింది.

నరసాపురానికి గోదావరి అవతలి వైపు ఉన్న కడియం, కడియపులంక నర్సరీల్లో గులాబి మొక్కలు పెద్ద ఎత్తున అంట్లు కట్టి దేశమంతటా పంపుతున్నారు. అవి ఎక్కువగా తోటల అందానికి పెంచే రకాలు. నూనె దిగే డమాస్క్ గులాబికి చలి కావాలి, డెల్టా ఉక్క దానికి సరిపడదు. కాబట్టి నరసాపురం పేరుతో ఒక పరిమళం కూర్చాలంటే పూలను బయటి నుంచి తెచ్చుకోక తప్పదు. ఆ రేవు నాలుగు వందల ఏళ్ల కింద చేసింది కూడా అదే.

అలాంటి కూర్పుకు కావలసిన సరుకంతా చరిత్రలోనే ఉంది. పైవరుసలో కర్పూరం చల్లదనం, లవంగం ఘాటు. మధ్యలో పన్నీరు, కొంచెం కుంకుమపువ్వు. అడుగున తంగేడు పట్టతో పదును చేసిన తోలు వాసన, ఓడ పలకల సందుల్లో మెత్తిన గుగ్గిలం, నూనె, గోదావరి ఒండ్రు. దానికి పేరు పెట్టాల్సి వస్తే కర్పూర వసంతరాయలకూ గోల్కొండ సుల్తానుకూ ఇప్పటికే తగినంత కీర్తి ఉంది. లంద దగ్గర తోలు ఊరబెట్టినవాళ్లకూ, నరసాపురం వడ్రంగులకూ, పన్నీటి మీద తెట్టు తీసిన అస్మత్ బేగానికీ అందులో చోటు దక్కాలి.